మూడో ల్యాండింగుకు నేను రాయని మాట

మా ఫ్లాటు ఢిల్లీ ద్వారకలో, ఏడో అంతస్తులో. బాల్కనీలో నిలబడితే విమానాశ్రయంలో దిగబోయే విమానాలు ఒకదాని వెనక ఒకటి కనబడతాయి. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు నా భార్య, "ఈ మోత మధ్య ఉండగలవా?" అని అడిగింది. ఉండగలనన్నాను. అప్పటికే నేను నాలుగు విమానాలకు మనసులో మార్కులు వేసేశాను. ఒకటి కాస్త ఎత్తుగా వచ్చింది. ఒకటి గాలికి పక్కకు జరిగి సర్దుకుంది. మిగతా రెండూ బాగున్నాయి.

నా ఉద్యోగమూ అదే. గురుగ్రామ్‌లో ఒక ఆఫీసులో కూర్చుని, ప్రయాణికుల విమానాల రికార్డులు చూసి, ఏ ల్యాండింగులో ఏ తేడా ఉందో రాస్తాను. పైలట్ పేరు నాకు కనబడదు. కనబడకపోవడమే మంచిది. అంతకుముందు నేను నౌకాదళంలో ఫైటర్ పైలట్‌ని, విమానవాహక నౌక మీద జెట్లు నడిపేవాణ్ని. ఒప్పుకున్న సర్వీసు పూర్తయ్యాక బయటికి వచ్చాను. ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. భయం వేసేదా, ఎంత స్పీడు, ఎందుకు మానేశావు. మూడింటికీ జవాబులు సిద్ధంగా ఉన్నాయి, రెండేసి వాక్యాలు. దిగేటప్పుడు మీకు మార్కులు ఎవరు వేస్తారని మాత్రం ఎవరూ అడగరు. ఆ జవాబు రెండు వాక్యాల్లో రాదు.

ముందు నౌక మీద దిగడం గురించి కొంచెం చెప్పాలి. నౌక పైతలం మీద, అంటే డెక్ మీద, అడ్డంగా మూడు ఉక్కు తాళ్ళు ఉంటాయి, వెనక అంచు వైపు నుంచి మొదటిది, రెండోది, మూడోది. వాటిని వైర్లు అంటాం. విమానం తోక కింద ఒక కొక్కెం వేలాడుతుంది. అది ఏదో ఒక వైరును పట్టుకుంటే విమానం రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది. పట్టుకోకపోతే డెక్ చివరి నుంచి మళ్ళీ గాల్లోకి లేవాలి. అందుకే చక్రాలు తగిలిన క్షణాన పైలట్ ఇంజన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. నేల మీద నేర్చుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. డెక్ ఎడమ పక్కన దీపాల అమరిక ఒకటి ఉంటుంది. ఆకుపచ్చగా కనబడితే ఎత్తు సరి, పసుపైతే ఎక్కువ, ఎరుపైతే తక్కువ. ఆఖరి క్షణం దాకా ఆ వెలుగునే చూడాలి. డెక్‌ను చూడకూడదు. చూస్తే, వచ్చేశాంలే అనిపించి, చెయ్యి మనకు తెలియకుండానే పవర్ తగ్గిస్తుంది. పవర్ తగ్గితే విమానం కుంగుతుంది. కుంగితే ఎదురుగా ఉండేది నౌక వెనక అంచు.

పైనుంచి చూసినప్పుడు ఆ నౌక నీళ్ళ మీద వేలిగోరంత ఉండేది. నాకు భయం వేసేదా అంటే, దిగేటప్పుడు వేసేది కాదు. చూడాల్సినవి మూడు ఉండేవి: ఎత్తు, డెక్ మధ్య గీతతో వరుస, స్పీడు. మూడింటినీ వంతులవారీగా చూస్తుంటే భయానికి ఖాళీ ఉండదు. వైరు పట్టుకుని, బెల్టులు భుజాల్లోకి దిగి, కళ్ళు ముందుకు లాగినట్టయి, అంతా ఆగిపోయాక, అప్పుడు వేసేది భయం. పెడల్స్ మీద కాళ్ళు పెట్టుకుని, అది ఎవరికీ కనబడకుండా విమానాన్ని పక్కకు తీసుకెళ్ళేవాణ్ని. అందరూ అంతేనని తర్వాత తెలిసింది.

నౌక వెనక భాగంలో, ఎడమ అంచున, ఒక చిన్న ప్లాట్‌ఫారం ఉంటుంది. కింద వల, వల కింద సముద్రం. ల్యాండింగ్ ఆఫీసర్ అక్కడ నిలబడతాడు. అతనూ పైలటే. ఆ రోజు ఎగరని వాళ్ళలో, దానికి శిక్షణ పొందిన వాడు. చేతిలో రేడియో, కళ్ళు విమానం మీద, చెవులు ఇంజన్ మీద. చెవులే ముఖ్యం. పవర్ తగ్గిన సంగతి కంటికి కనబడేసరికి ఆలస్యమవుతుంది. చెవికి ముందే తెలుస్తుంది. ఇంజన్ గొంతు ఒక మెట్టు దిగుతుంది. నేను రెండేళ్ళు ఆ పని చేశాను.

ప్రతి ల్యాండింగునూ ల్యాండింగ్ ఆఫీసర్ ఒక పుస్తకంలో రాస్తాడు. ఎలా వచ్చాడు, ఎక్కడ తేడా చేశాడు, ఏ వైరు పట్టాడు. తర్వాత పైలట్లు కూర్చునే గదికి వెళ్ళి, ఒక్కొక్కరి ముందు నిలబడి, అందరూ వింటుండగా ఆ మాటలు చదువుతాడు. పైలట్ లేచి నిలబడి వింటాడు. వాదించడు, కారణాలు చెప్పడు. కమాండింగ్ ఆఫీసర్ అయినా అంతే. మా స్క్వాడ్రన్‌లో దీనికి ఇంకో నియమం ఉండేది: ఒకే తప్పు వరసగా మూడుసార్లు పుస్తకంలోకి వస్తే, ఆ పైలట్‌ను నౌక మీద నుంచి దింపేస్తారు. తీరంలో, డెక్ గీతలు గీసిన రన్‌వే మీద, ఒక వారం అదే పనిగా ల్యాండింగులు చేయించి తిరిగి పంపుతారు. అది శిక్ష కాదని కాగితం మీద రాసి ఉండేది. గదిలో అందరికీ అది శిక్షే.

నేను చెప్పబోయే పైలట్ నాకంటే నాలుగేళ్ళు చిన్న. వరంగల్ వైపు. మాది కాకినాడ. ఆ నౌక మీద తెలుగువాళ్ళు ఇంకా ఉండేవారు గానీ, మా గదిలో, మా పనిలో, మేమిద్దరమే. డ్యూటీలో నన్ను "సర్" అనేవాడు, మెస్‌లో "అన్నా" అనేవాడు. రెంటి మధ్యా తలుపు దాటినంత తేడా.

"అన్నా, నువ్వు రేడియోల గూడ 'ఆయ్' అంటవేమో అని భయమైతది నాకు" అనేవాడు.

"నీ 'గట్ల గిట్ల' కంటే అదే నయం. కంట్రోల్ వాళ్ళు నువ్వు కోడ్ మాట్లాడుతున్నావనుకుంటారు."

"మా కోడ్ మీకు తెల్వదు. మీ కోడ్ ఊరందరికీ తెలుసు. చివర్ల ఆయ్ పెడితే అయిపాయె."

మెస్‌లో రాజ్మా ఉన్న రోజు మా అమ్మ పంపిన కారప్పొడి డబ్బా తీసేవాణ్ని. అతను ముందు తన ప్లేటు జరిపి, తర్వాత అడిగేవాడు. ఆరు వారాలు నీళ్ళ మీద ఉన్నప్పుడు, సొంత భాషలో ఒకరిని ఆటపట్టించే అవకాశం ఎంత పెద్దదో అప్పుడు నేను లెక్క వేయలేదు. తర్వాత వేశాను.

నౌక మీద అతనికది మొదటి ఏడాది. మంచి పైలట్. వరుస తప్పేవాడు కాదు, స్పీడు తప్పేవాడు కాదు. ఒక్కటే అలవాటు పడుతోంది: ఆఖరి రెండు సెకన్లలో కళ్ళు దీపం వదిలి డెక్ మీదికి వచ్చేవి. ఒక సోమవారం నేను ప్లాట్‌ఫారం మీద ఉండగా ఇంజన్ గొంతు దిగింది. "చివర్లో పవర్ తీశాడు, రెండో వైరు" అని రాశాను. బుధవారం మళ్ళీ దిగింది. ఈసారి రేడియోలో "పవర్" అని అరిచాను. "చివర్లో పవర్ తీశాడు, మొదటి వైరు" అని రాసి, కింద ఎర్ర గీత గీశాను. గదిలో చదివినప్పుడు వెనక నుంచి ఎవరో, "భాయ్‌కి ఇంటికెళ్ళే తొందర" అన్నారు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం మెస్‌లో ప్లేటు జరపలేదు. నేనే జరుపుకుని కారప్పొడి వేశాను.

శనివారం మూడోది. సముద్రం కాస్త అలజడిగా ఉంది, డెక్ లేచి దిగుతోంది. అతను బాగానే వస్తున్నాడు. ఆఖర్లో ఇంజన్ గొంతు మళ్ళీ ఒక మెట్టు దిగింది. ముందు రెండుసార్లంత కాదు, అయినా దిగింది. నేను రేడియో నొక్కి నోరు తెరిచేలోపు కొక్కెం మొదటి వైరును పట్టేసుకుంది. విమానం ఆగింది. నేను పుస్తకం తెరిచాను. "బాగుంది, మొదటి వైరు" అని రాశాను.

అంతే. కలం ఎత్తడానికీ దించడానికీ మధ్య ఐదు సెకన్లు పట్టి ఉంటుంది.

గదిలో అది చదివాను. అతను నిలబడి విన్నాడు. అతని మొహంలో వెలుగు చూసి నేను మంచిపని చేశాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఇక్కడ దాచడం దేనికి.

ఆ తర్వాత ఐదు రోజులు ఎగరడం లేదు. నౌక ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతోంది. గురువారం సాయంత్రం ఇళ్ళకు ఫోన్ చేసుకునే వంతు అతనిది. శాటిలైట్ ఫోను, మనిషికి పది నిమిషాలు. అతనికి పెళ్ళయి ఏడాది కాలేదు. ఏదో మాటా మాటా పెరిగింది. ఫోన్ గదిలోంచి గట్టిగా నడుచుకుంటూ బయటికి రావడం చూశాను. శుక్రవారం మధ్యాహ్నం అతను దిగుతున్నప్పుడు ప్లాట్‌ఫారం మీద వేరే ఆఫీసర్ ఉన్నాడు. నేను గదిలో టీ కప్పుతో తెర ముందు కూర్చున్నాను. ఆ తెరలో డెక్ కనబడుతుంది గానీ శబ్దం రాదు. విమానం ముక్కు కొంచెం కుంగింది. నాకు ఆ గొంతు వినబడ్డట్టే అయింది. వెనక చక్రాలు నౌక అంచుకు కొట్టుకుని ఒకటి విరిగింది. విమానం పక్కకు ఒరిగి డెక్ మీద జారిపోతుంటే అతను మీట లాగి, సీటుతో సహా పైకి ఎగిరి బయటపడ్డాడు. విమానం నీళ్ళలోకి వెళ్ళింది. హెలికాప్టర్ అతన్ని కొద్ది నిమిషాల్లోనే తీసుకొచ్చింది. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. అతని వెన్నులో రెండు పూసలు నలిగాయి.

విచారణ జరిగింది. నియమం ప్రకారం ల్యాండింగ్ పుస్తకం తెచ్చారు. నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: శనివారం మొదటి వైరు పట్టాడు కదా, అంటే తక్కువ ఎత్తులో వచ్చినట్టే, మరి బాగుందని ఎందుకు రాశావు?

"డెక్ లేచి వైరు ముందే తగిలింది సర్" అన్నాను.

డెక్ లేచిన మాట నిజం. ఆ నిజాన్ని నేను వాడుకున్న తీరు అబద్ధం. వాళ్ళు తలూపి రాసుకున్నారు. రిపోర్టులో చివరికి తేలిందేమిటంటే: రెండు తప్పుల తర్వాత పుస్తకంలో 'బాగుంది' అని ఉంది, అంటే ఆ అలవాటు అప్పటికే పోయింది, కాబట్టి ఇది ఆ ఒక్క రోజు, ఆ ఒక్క క్షణంలో జరిగిన పొరపాటు. శనివారం నేను నిజం రాసి ఉంటే, శుక్రవారం అతను తీరంలో ఉండేవాడు. ఆ వారం నౌక తీరానికి దగ్గరగానే ఉంది, హెలికాప్టర్‌లో గంట ప్రయాణం.

ఇదంతా జరిగి మూడేళ్ళు దాటింది. అతనికి ఇక జెట్లు లేవు. ఢిల్లీలో బల్ల ముందు ఉద్యోగం ఇచ్చారు. మా సొసైటీకి రెండు సెక్టార్ల అవతల క్వార్టర్ దొరికింది. ఆదివారాలు అతనూ, భార్యా మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్ళు. నడుముకు బెల్టు కట్టుకుని, ఎక్కువసేపు కూర్చోలేక, అతను గోడకు ఆనుకుని నిలబడి తినేవాడు. అతని భార్య స్కూల్లో లెక్కల టీచరు. నన్ను అన్నయ్యా అనేది, నా భార్యను వదినా అనేది. వచ్చేటప్పుడు సరోజినీ నగర్ బజారులో నా భార్య కోసం ఏదో ఒక దుపట్టా ఏరి తెచ్చేది. వాళ్ళు నాకు పెట్టిన గౌరవం ప్రతి ఆదివారం భోజనంతో పాటు మింగేవాణ్ని.

ఒక విషయం నా భార్య గమనించింది, నేను గమనించలేదు.

"వాళ్ళిద్దరూ అసలు పోట్లాడుకోరేంటి?" అంది ఒకసారి గిన్నెలు సర్దుతూ. "ఆ అమ్మాయి ప్రతిదానికీ సరే అంటుంది. అతను చల్లారిన టీ ఇచ్చినా సరే, సినిమా మార్చినా సరే. పెళ్ళయిన ఆడపిల్లలా లేదు, హోటల్ రిసెప్షన్‌లో పిల్లలా ఉంది."

"మంచిదేగా" అన్నాను.

"మంచిదా? నేను అట్లా ఉంటే నువ్వు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవూ?"

తర్వాతి ఆదివారం నా భార్య ఊరుకోలేదు. అతను బాల్కనీలో నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. మేం ముగ్గురం వంటింట్లో ఉన్నాం. నేను దోసకాయ తరుగుతున్నాను. మీరిద్దరూ పోట్లాడుకోరేంటని నా భార్య నవ్వుతూనే అడిగింది. ఆమె కూడా నవ్వుతూనే మొదలుపెట్టింది.

"ఒక్కసారి కొట్లాడిన వదినా. చాలు అనిపించింది."

"ఎప్పుడు?"

"ఆ గురువారం. ఫోన్ల. సెలవు మళ్ళ క్యాన్సిల్ అయిందన్నడు. నాకు కోపమొచ్చి, నువ్వు వచ్చినా రాకున్నా నాకొకటే అన్న. అని ఫోన్ పెట్టేసిన. తెల్లారి గట్లయింది." ఆమె స్టవ్ మంట తగ్గించింది. "విచారణల గూడ అదే వచ్చింది కద అన్నయ్యా. అంతకుముందు అంత మంచిగనే ఉండెనట, ఆ ఒక్క రోజే తప్పు జరిగిందట. ఆ ఒక్క రోజు ఎందుకు జరిగిందో నాకు తెలుసు. ఆయనకు నిద్ర వట్టలే. మా అమ్మ గూడ అదే అంటది, బయటికి పొయ్యే మనిషితోని అసొంటి మాట అంటరా అని. ఇప్పటికీ అంటది."

కత్తి నా చేతిలో ఆగిపోయింది. నా భార్య ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో అంటోంది, నాకు వినబడలేదు. విచారణ రిపోర్టులోని ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. అది అతని ఉద్యోగం ఫైల్లో ఉందని మాత్రమే నాకు తెలుసు. అది వరంగల్లో ఒక ఇంటికి వెళ్ళిందనీ, ఒక తల్లి దాన్ని పట్టుకుని కూతుర్ని అంటోందనీ తెలియదు.

ఆ ఆదివారం నేను చెప్పలేదు. దోసకాయ ముక్కలు పప్పులో వేశాను. అందరం తిన్నాం.

తర్వాతి ఆదివారం కూడా చెప్పలేదు. ఆ రెండు వారాల్లో ఆఫీసుకు వెళ్తూ వస్తూ, ఎందుకు రాయలేదో కారణాలు వేసుకున్నాను. స్క్వాడ్రన్‌లో పైలట్లు తక్కువగా ఉన్నారు. తప్పు చిన్నదిగా ఉంది. డెక్ నిజంగా లేచింది. గదిలో మళ్ళీ నవ్వుతారు. ప్రతి కారణానికీ ఒకే పరీక్ష పెట్టాను: వేరే పైలట్ అయితే రాసేవాణ్నా? ప్రతిసారీ జవాబు ఒకటే. రాసేవాణ్ని. కారణాలన్నీ పోయాక ఒకటి మిగిలింది. అది చాలా చిన్నది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేంత చిన్నది. అతను నౌక దిగిపోతే ఆ వారమంతా మెస్‌లో నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉండరు.

నా భార్యకు ముందు చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, "వాళ్ళకి అన్నం పెట్టి చెప్పకు, పెట్టకముందు చెప్పు" అంది.

అలాగే చేశాను. వాళ్ళు వచ్చి చెప్పులు విప్పారో లేదో, కూర్చోమన్నాను. అతను మామూలుగా గోడకు ఆనుకున్నాడు. సోమవారం, బుధవారం, శనివారం, మూడూ చెప్పాను. ఏ రోజు ఇంజన్ ఎలా వినబడిందో, ఏం రాశానో, ఏం రాయలేదో. విచారణలో అడిగిన ప్రశ్న, నా జవాబు. నేను నేల చూస్తూ మాట్లాడుతున్నానని మధ్యలో గమనించి తలెత్తాను.

అతను మొదట పైలట్‌లాగే అడిగాడు.

"శనివారం ఎంత తీసిన?"

"ముందు రెండుసార్ల కంటే తక్కువ."

"ఎక్కడ?"

"డెక్ అంచు దాటబోయే ముందు. రెండు సెకన్లు."

"నాకు తెల్వనే తెల్వదు" అన్నాడు మెల్లగా. "బాగుంది అన్నవ్ కద, పోయింది ఆ అలవాటు అనుకున్న. శుక్రవారం దాని గురించి ఆలోచించనే లేదు." నా వైపు తిరిగి, "ఎందుకు రాయలే అన్నా?"

నేను ఆ చిన్న కారణం చెప్పాను. మాటలు వెతకలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జాలి కూడా ఉందన్నాను.

"నీ జాలి నేనడిగిన్నా?" అతను అరవలేదు. అరిస్తే బాగుండునని నాకనిపించింది. "వారం రోజులు ఒడ్డుకు పంపితే నవ్వేటోళ్ళు నవ్వుతుండిరి. నేర్చుకొని వస్తుంటి. నాకు వారం సరిపోతుండె. ఆ వారం నువ్వు నాకియ్యలే."

అతని భార్య అప్పటిదాకా కదల్లేదు. సంచీ ఇంకా ఒళ్ళోనే ఉంది.

"అన్నయ్యా, ఒక్కటి చెప్పండి. సోమవారం నేను ఫోన్ చెయ్యలే."

"లేదమ్మా."

"బుధవారం గూడ చెయ్యలే. శనివారం చెయ్యలే."

"లేదు. నీ ఫోన్‌కు ముందే మూడుసార్లు జరిగింది. శుక్రవారం జరిగింది నాలుగోది." తర్వాత, ఇంతవరకు వచ్చాక సగం చెప్పడం ఎందుకని, "నిద్ర లేకపోవడం ఏమాత్రం లెక్కలోకి రాదని నేను చెప్పలేను. కానీ ఫోన్ లేకపోయినా అదే చెయ్యి, అదే అలవాటు. పైగా అతను ఆ రోజు నౌక మీద ఉండకూడదు. ఉన్నాడంటే నా వల్ల" అన్నాను.

అతను ఆమె వైపు తిరిగాడు. "నేను ఎన్నిసార్లు చెప్పిన నీకు, నీ ఫోన్ కాదు అని?"

"చెప్పినవ్" అంది ఆమె. గొంతు పెరిగింది. "తెలిసి చెప్పినవా? నా మీద దయతోని చెప్పినవ్. నువ్వు దయ చూపిస్తే నాకు ఇంకింత తప్పు చేసినట్టుంటుండె. మీ ఇద్దరికీ దయ ఎక్కువున్నది." చివరి మాట నన్ను చూస్తూ అంది.

లేచి చెప్పులు వేసుకుంది. అతను బెల్టు సర్దుకుని ఆమె వెనకే వెళ్ళాడు. నా భార్య లిఫ్టు దాకా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. కింద పార్కింగులో వాళ్ళ మాటలు ఏడో అంతస్తుకు వినబడ్డాయి. కారు తాళం ఎవరి దగ్గరుందనే దాని మీద మొదలై ఎక్కడెక్కడికో వెళ్ళింది. గార్డు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. నా భార్య వచ్చి బాల్కనీ తలుపు వేసేసింది. "వినకు. అది వాళ్ళది" అంది.

ఆ తర్వాతి వారం నౌకాదళానికి ఉత్తరం రాశాను. నా పాత నంబరు, నౌక మీద నా హోదా, మూడు ల్యాండింగులు, పుస్తకంలో ఉన్నదేమిటి, నిజంగా జరిగిందేమిటి, విచారణలో నా జవాబు ఎక్కడ తప్పుదారి పట్టించింది. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ, సంతకం. అతనికి ఒక కాపీ పంపాను. ఉత్తరం అందిందని, పరిశీలిస్తామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇంకా ఏమీ తేలలేదు. నా మీద ఏం చర్య ఉంటుందో తెలియదు. ఏదైనా ఉండాలనే నా కోరిక. అది కూడా నా సౌకర్యం కోసమేనా అని అనుమానం వస్తుంటుంది.

ఆదివారాలు వాళ్ళు రావడం మానేశారు. నా భార్యతో ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంది. నా గురించి అడగదు, నేనూ అడిగించను. ఒక గిన్నెడు తగ్గించి వండుకోవడం మాకు అలవాటయింది.

పోయిన నెలలో అతని నుంచి ఫోన్ వచ్చింది.

"సర్, బిజీగా ఉన్నరా?"

మెస్‌లో, మా ఇంట్లో, అతని నోట 'సర్' అనే మాట ఎప్పుడూ వినలేదు. బిజీగా లేనన్నాను.

"మీరు రాసిన లెటర్ కాపీ నా వైఫ్‌కు చూపించిన. ఆమెకు అది తెలుగుల కావాల్నట. వాళ్ళమ్మకు ఇయ్యడానికి. ఇంగ్లీషుది చదివి చెప్తే, కూతురు తన కోసం మార్చి చెప్తుందని అంటదట ఆమె. మీ చేతితోనే రాసి, సంతకం పెట్టాల్నట."

"రాస్తాను. ఎప్పటికి కావాలి?"

"శనివారం వచ్చి తీస్కపోత. పోస్టు వద్దు."

ఆ ఉత్తరం నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇంగ్లీషులో ఒక్క మాటలో అయిపోయేవి తెలుగులో నౌకనెప్పుడూ చూడని ఒక పెద్దావిడకు అర్థమయ్యేలా చెప్పాలి. కొక్కెం, తాడు, దీపం. ఒక మనిషి దిగుతుంటే ఇంకో మనిషి చూసి రాసే పద్ధతి. మూడుసార్లు రాస్తే ఏం చేస్తారు. నేను ఎన్నిసార్లు రాశాను. ఎక్కడా పెద్ద మాటలు వాడలేదు. "మీ అమ్మాయి ఫోన్ చేయడానికి ముందే ఇది మూడుసార్లు జరిగింది. మూడోసారి నేను విని కూడా రాయలేదు. రాసి ఉంటే మీ అల్లుడు ఆ రోజు ఎగిరేవాడు కాదు" అని రాసి, కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.

శనివారం పొద్దున పదకొండింటికి అతను వచ్చాడు. లోపలికి రమ్మంటే వచ్చి, కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపి, కిటికీ దగ్గర నిలబడి చదివాడు. రెండో పేజీలో ఆగాడు.

"ఇది తీసెయ్యండి."

దగ్గరికి వెళ్ళి చూశాను. "మీ అల్లుడు చేసింది చాలా చిన్న పొరపాటు" అని రాసిన వాక్యం.

"చిన్నది కాదు" అన్నాడు. "విమానం పోయింది. డెక్ మీద మనుషులుండె. నా చెయ్యే అది. నాది నాకుండనీండి, మీది మీరు రాయండి."

కొట్టేసి ఇస్తే బాగుండదని మొత్తం మళ్ళీ రాస్తానన్నాను. అరగంట పడుతుందన్నాను. ఫర్లేదన్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని మొదటి నుంచి రాశాను. అతను కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. నా భార్య టీ తెచ్చి కిటికీ అంచు మీద పెట్టింది. సగం తాగాడు. రాసింది ఇస్తే ఈసారి అక్షరం అక్షరం చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

లిఫ్టు దాకా అతనితో నడిచాను. రావద్దనలేదు. లిఫ్టు వచ్చేదాకా ఇద్దరం దాని తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం.